వాయిదాలు

బఫెలోలో మార్చి నెల మంచుకు సిగ్గుండదు.
పొమ్మన్నా మెట్ల మీదే కూర్చుంటుంది.
దాన్ని బూట్లతో లోపలికి మోసుకొచ్చింది
రొవీనా పిలార్‌స్కీ.
స్కూలు బస్సు డ్రైవరు, నలభై ఒకటేళ్ళు,
పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ నడుమ
తనదంటూ మిగిలిన రెండున్నర గంటల్లో.

లా స్కూల్లో, మెట్ల కింద, నా బల్ల.
పేరుకు ఆర్థిక సహాయ విభాగం.
పంతొమ్మిదేళ్ళుగా నా పని
పిల్లల ఆశల్ని గడుల్లోకి దించడం.

ఆమె పిల్ల కాదు.
అయినా కాగితం అడిగింది: తండ్రి ఆదాయం?
"లాకవానాలో ఉక్కు కరిగించాడు.
ఇప్పుడక్కడే మట్టిలో ఉన్నాడు. ఏం రాయను?"
సున్నా వేయమన్నాను.
కలం గట్టిగా నొక్కి వేసింది.
కింది కాగితం మీద కూడా పడింది ఆ సున్నా.

లా ఎందుకని అడగడం నా పని కాదు.
అడిగాను.
ఇల్లు ఖాళీ చేయించే కోర్టులో
ఆమె కేసు నాలుగు నిమిషాలు నడిచిందట.
అందులో అవతలి లాయరు
రెండుసార్లు ఫోను చూసుకున్నాడట.
"వాయిదా అడగొచ్చని నాకు తెలీదు.
ఆ ఒక్క మాట తెలిసుంటే
మా వాడి పరీక్షలయ్యేదాకా
ఆ గోడల మధ్యే ఉండేవాళ్ళం."

ఆ ఒక్క మాట నేర్చుకోడానికి ఎంతవుతుందో
నా దగ్గర పట్టిక ఉంది.
బల్ల మీద పరిచాను.

ఇది స్కాలర్‌షిప్పు, సగం ఫీజు వస్తుంది.
మార్కులు జారితే రెండో ఏడు అదీ జారుతుంది.
ఇది ప్రభుత్వ అప్పు.
మీరు చదువుతున్నంత సేపూ
పక్కన కూర్చుని తనూ ఎదుగుతుంది,
మీకు కునుకు పట్టినా దానికి పట్టదు.
ఇది బ్యాంకు అప్పు, పూచీ ఎవరైనా ఉండాలి.
"డిపోలో మెకానిక్కు ఉన్నాడు. కానీ
వాడి కారు అప్పుకు పూచీ నేనే."
చక్రవడ్డీ కూడా పడుతుందన్నాను.
"చక్రం సంగతి నాకు చెప్పకండి,
పదకొండేళ్ళుగా తిప్పుతున్నా."
తనే నవ్వింది.

రాత్రి తరగతులు ఉన్నాయి, నాలుగేళ్ళు.
బస్సు వదలక్కర్లేదు. నిద్ర వదలాలి.

ఇంకో దారి, చిన్న అచ్చులో:
ఇల్లు పోయేవాళ్ళ తరఫున, జైల్లో వాళ్ళ తరఫున
తక్కువ జీతానికి పదేళ్ళు నిలబడితే,
నూట ఇరవై వాయిదాలు తప్పకుండా కడితే
మిగిలింది మాఫీ.

"వాయిదా," అంది మెల్లగా,
నోట్లో ఏదో పంటికి తగిలినట్టు.
"అక్కడ అడగాల్సిందీ అదే,
ఇక్కడ కట్టాల్సిందీ అదేనా?"

అదే, అన్నాను.
అప్పు తీర్చడమూ తీర్పూ
ఒకే ఇంటి మాటలని చెప్పబోయి ఊరుకున్నాను.
ఈ భవనంలోనే నేను రెండేళ్ళు చదివాననీ,
మూడో ఏటికి స్కాలర్‌షిప్పు జారిందనీ,
నావి ఇంకా ముప్పై ఒక్కటి మిగిలాయనీ
చెప్పలేదు.
సొరుగులో రసీదులు చప్పుడు చేయవు.

పన్నెండున్నర. కోటు తొడుక్కుంది.
మంచు కరిగి కుర్చీ కింద చిన్న మడుగు.
ఇన్ని కాగితాలకూ గడువెప్పుడంది.
శుక్రవారం, అన్నాను.
ద్వారం దాకా వెళ్ళి ఆగింది.
టోపీ చేతిలోనే ఉంది.
"వాయిదా దొరుకుతుందా?"

రూలు ప్రకారం దొరకదు.
రూలు రాసిన కాగితం నా వెనక గోడకే ఉంది,
ఆమె ఎత్తుకు సరిగ్గా కనబడేలా.

సోమవారం, అన్నాను.
మీ రెండు ట్రిప్పుల మధ్య.
తలుపు మూసుంటే కిటికీ తట్టండి.

బయట బస్సు మొదటిసారి అందుకోలేదు.
రెండోసారీ అందుకోలేదు.
మూడోసారికి
పొగ వదిలి కదిలింది.